తోక నుంచి తలకి

"స్నానం చేశాకే వంటింట్లోకి రా తల్లీ" అంది అత్తగారు, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మాట కొత్తది కాదు. రోజూ సాయంత్రం గుమ్మంలో ఇదే మాట. కోడలు చెప్పులు విప్పుతుండగా వినబడుతుంది. సంచీ మేకుకి తగిలించి తిన్నగా స్నానాలగదిలోకి పోతుంది. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంటుంది, తలమీద నీళ్ళు పోసుకుంటుంది, వాసన చూసుకుంటుంది, మళ్ళీ రుద్దుకుంటుంది. పిపెరిడీన్ అని ఒక ద్రవం ఉంది. చూడ్డానికి మంచినీళ్ళలాగే ఉంటుంది. వాసన మాత్రం, చేపలమ్మే బండని కడక్కుండా వదిలేసి దానిమీద మిరియాలు నూరినట్టు ఉంటుంది. చేతితొడుగులు వేసుకున్నా, ఆవిర్లు లాగేసే ఫ్యూమ్‌హుడ్ అద్దం కిందికి దించుకున్నా, అది ఎలాగో ఒకలా జుట్టులోకి చేరుతుంది. స్నానం అయ్యాక ఆమెకి వంటింట్లోకి అనుమతి దొరుకుతుంది. అనుమతి అంటే వండటానికి అనుమతి.

ఆయన ఆమె వెనకే లోపలికి వచ్చాడు. ఇద్దరూ ఒకే కారులో, ఒకే ప్రయోగశాల నుంచి వచ్చారు. ఆయన్ని స్నానం చెయ్యమని ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు. ఆయన అద్దాల గదిలో కూర్చుంటాడు. కాగితాలు చదువుతాడు, ఫోన్లు మాట్లాడతాడు, వచ్చినవాళ్ళకి టీ ఇప్పిస్తాడు. కాగితాలకి కంపు ఉండదు. "మా అబ్బాయీ అక్కడే చేస్తాడు. వాడి ఒంటికి ఏనాడూ అంటలేదు. శుభ్రంగా చేసుకోవడం తెలియాలి" అని అత్తగారు ఒకసారి పొరుగింటావిడతో చెప్పింది. ఆమె వంటింట్లోంచి విన్నది. ఆయన సోఫాలోంచి విన్నాడు. విని, టీవీ శబ్దం కొంచెం పెంచాడు.

ఆ విశ్వవిద్యాలయంలో పెప్టైడ్ గది తెలియని పరిశోధకులు లేరు. దర్జీకి కొలతలిచ్చినట్టు, ఎవరికి ఎలాంటి పెప్టైడ్ కావాలో వాళ్ళు కాగితం మీద రాసి పంపుతారు. ఈ అమైనో ఆమ్లం, దాని పక్కన ఫలానాది, దాని పక్కన ఇంకోటి. ఆ వరసలో గొలుసు కట్టి ఇవ్వాలి. ఇసకరేణువుల్లాంటి రెసిన్ పూసలమీద కడతారు. ఒకటి అతికించడం, కడగడం. దానిమీద ఉన్న ముసుగుని పిపెరిడీన్ పోసి ఊడదీయడం, మళ్ళీ కడగడం. ఇంకోటి అతికించడం. అతికిందో లేదో తెలియాలంటే నాలుగు పూసలు తీసి, మందు చుక్కలు వేసి వేడిచెయ్యాలి. పూసలు నీలంగా మారాయంటే అతకని చివరలు మిగిలి ఉన్నట్టు, మళ్ళీ చెయ్యాలి. రంగు మారకపోతే ముందుకి పోవచ్చు. అంట్లు తోమడానికీ దీనికీ ఆమెకి పెద్ద తేడా కనపడేది కాదు. చేసినన్నాళ్ళూ ఎవరి కంటా పడదు. చెయ్యని రోజున ఊరందరికీ కనపడుతుంది.

ఇందులో తిరకాసు ఒకటుంది. కాగితం మీద గొలుసుని తల నుంచి తోకకి రాస్తారు. కట్టడం మాత్రం తోక నుంచి తలకి. కాగితంలో అన్నిటికంటే చివర ఉన్నది అన్నిటికంటే ముందు పూసకి అంటుకోవాలి. యంత్రంతో చేస్తే అమైనో ఆమ్లాల సీసాలు కూడా ఆ వరసలోనే పెట్టాలి. ఆ గదిలో ఉన్నది పాత యంత్రం. ఎలా పెడితే అలా కడుతుంది, నోరెత్తి అడగదు. ఈ తోక సంగతి మొదటి సంవత్సరం విద్యార్థులకే పాఠంలో చెబుతారు. చెప్పేది ఆయనే. బోర్డుమీద బొమ్మ వేసి, తోకకి ఎర్ర సుద్దతో చుట్టూ గీత గీసి మరీ చెబుతాడు. నాలుక చివర ఉండటం వేరు, వేళ్ళ చివర ఉండటం వేరు.

వేళ్ళు ఆమెవి.

ఆమెకి జీతం లేదు. మెళ్ళో కార్డు ఉంది. దానిమీద సందర్శకురాలు అని ఉంటుంది. ఏటేటా కొత్త కార్డు ఇస్తారు, మాట అదే. ఫొటోలో జుట్టు మాత్రం తెల్లబడుతూ వచ్చింది. గేటు దగ్గర కాపలా మనిషి, "మీ చూడ్డం ఇంకా అవలేదా మేడమ్" అని హాస్యమాడతాడు. ఆ ప్రాంగణం మొత్తంలో ఆ కార్డుని చదివినవాడు అతనొక్కడే.

చదువుకునే రోజుల్లో ఆమె, ఆయన ఒకే తరగతి. మార్కులు ఆమెవే ఎక్కువ. అప్పుడు ఒకర్నొకరు నువ్వు అనుకునేవాళ్ళు. పెళ్ళయ్యాక అత్తగారి చెవుల కోసం ఇంట్లో ఆయన 'మీరు' అయ్యాడు. విద్యార్థుల చెవుల కోసం గదిలో 'సార్' అయ్యాడు. ఇక నువ్వు అనడానికి ఆమెకి చోటు మిగల్లేదు. కారులో అనొచ్చు. కారులో ఆయన వార్తలు వింటాడు. ఆయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చేనాటికి ఆమె పరిశోధన సగంలో ఉంది. సగమే కదా, అక్కడికొచ్చి పూర్తి చేద్దువుగానిలే అన్నాడు. వచ్చాక, మొగుడి దగ్గర పెళ్ళాం పరిశోధన చేస్తే నలుగురూ నవ్వుతారన్నాడు. పక్క ప్రొఫెసర్ దగ్గర చేస్తానంటే, సొంత మనిషిని పక్కవాడికి అప్పజెప్పాడని ఇంకా నవ్వుతారన్నాడు. ఒకే శాఖలో భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు ఇవ్వరన్నాడు. అది నిజమే. ఇంట్లో ఊరికే కూర్చోవడం దేనికి, పెప్టైడ్ గది ఖాళీగా పడి ఉంది, కొన్నాళ్ళు చూస్తూ ఉండు అన్నాడు. ఆ కొన్నాళ్ళకి ఇప్పుడు నడుంనొప్పి వచ్చింది, చదువుకోవడానికి కళ్ళజోడు వచ్చింది.

చెప్పకపోతే తప్పు, ఆ గదంటే ఆమెకి ప్రాణం. మంచులో గడ్డకట్టించి ఆరబెట్టాక, గాజు కుప్పె అడుగున పెప్టైడ్ తెల్లగా, దూదిపింజలా లేచి నిలబడుతుంది. ఊపిరి వదిలితే ఎగిరిపోయేంత తేలిక. ఆ తెలుపుని చూసిన రోజున ఇంటికెళ్ళి ఎన్ని అంట్లు తోమినా ఆమెకి అలుపు తెలిసేది కాదు. ఆ దూదిని చిన్న సీసాల్లోకి సర్ది, వచ్చినవాళ్ళకి కిటికీలోంచి ఇచ్చేది. వాళ్ళు "సార్‌కి థాంక్స్ చెప్పండి" అని పట్టుకెళ్ళేవాళ్ళు. తర్వాత వాళ్ళ పరిశోధన ఏ పత్రికలోనో అచ్చయ్యేది. చివర కృతజ్ఞతలు ఉండేవి, ప్రొఫెసర్ గారి ప్రయోగశాలకి. ఒకసారి అడిగింది, నా పేరు కూడా వెయ్యమనొచ్చు కదా అని. ఆయన నవ్వాడు. "ఇంట్లో వండిన కూరకి పేరు వేసుకుంటామా" అన్నాడు. సరసంగానే అన్నాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడడు, చెయ్యెత్తడు, తాగడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేరు. ఆమె చిక్కంతా అదే.

పోయిన ఏడు వానల్లో అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో ఎవరుంటారన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. ఆమె బట్టలు సర్దుకుని వెళ్ళింది. సరిగ్గా అప్పుడే పక్క భవనం నుంచి గాయాలావిడ తొందరపెట్టింది. మానని గాయాలమీద పనిచేసే పరిశోధకురాలు ఆవిడ. అందుకే ప్రాంగణంలో అందరూ గాయాలావిడ అంటారు. ముందు పంపిన పెప్టైడ్‌తో ఎలుకల గాయాలు చక్కగా పూడుతున్నాయట, ఈసారి పెద్ద ప్రయోగం పెడుతోందట, మరింత కావాలట. నేను వచ్చేదాకా ఆగమనండి అని ఆమె ఆస్పత్రి వరండాలోంచి ఫోన్లో చెప్పింది. ఆయనకి అది నచ్చలేదు. "చేసేది యంత్రం. సీసాలు పెట్టి మీట నొక్కడానికి నువ్వే దిగిరావాలా?" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన తల్లిని చూడ్డానికి వచ్చాడు. ఒంటినిండా పిపెరిడీన్. మంచంమీంచి అత్తగారు ముక్కు ఎగబీల్చింది.

"ఏంట్రా అబ్బాయ్, నీ దగ్గరా ఈ కంపు? పెళ్ళాం వాసన అంటిందా?"

"ఇవాళ స్వయంగా పని చేశానమ్మా" అన్నాడు ఆయన. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

అత్తగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడికి ఎన్ని తిప్పలో చూడు అంది. పాపం, లేచి వాడికి చేతులు కడుక్కోవడానికి సబ్బూ తువ్వాలూ ఇయ్యమ్మా అంది. ఆమె ఇచ్చింది. కంపు ఒకటే. ఆయన ఒంటిమీద అది కష్టం అయింది. ఆమె ఒంటిమీద అది రోత.

తర్వాత అత్తగారు ఇంటికొచ్చింది, చేతికర్ర పట్టుకుంది, మళ్ళీ గుమ్మంలో కాపలా మొదలుపెట్టింది. ఆమె మళ్ళీ గదికి పోవడం మొదలుపెట్టింది. నెలలు గడిచాయి. ఒకరోజు అద్దాల గదిలోంచి గాయాలావిడ గొంతు బయటికి వినబడింది. కొత్త పెప్టైడ్ ఎందుకూ పనికిరాలేదట. గాయాలమీద మంచినీళ్ళు పోసినా అంతేనట. ప్రయోగమంతా మట్టిపాలైంది, నా దగ్గర చదివే పిల్ల ఏడాది కష్టం అది, దానికి ఏం సమాధానం చెప్పను అని అడుగుతోంది. ఆయన మెత్తగా ఏదో అంటున్నాడు. ఎలుకల్లో తేడా అయి ఉండొచ్చు, నిలవ చెయ్యడంలో అయి ఉండొచ్చు, అంటున్నాడు. ఆవిడ వెళ్ళాక బయటికొచ్చి, అడుగున కాస్త పొడి మిగిలిన సీసా ఆమె చేతిలో పెట్టాడు. "బరువు సరిపోయింది. నేనే చూశాను. ఓసారి నువ్వూ చూసి, మనది బాగానే ఉందని రాసియ్యి" అన్నాడు.

బరువు సరిపోయింది. అణువుల బరువు తూచే మాస్ యంత్రంలో పెట్టి చూస్తే ఉండాల్సిన బరువే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. కానీ శుద్ధిచేసే గొట్టంలోంచి పాతది ఎప్పుడు దిగేదో ఆమెకి తెలుసు. ఇది అప్పుడు దిగలేదు. తీరిగ్గా, తనకిష్టమైనప్పుడు దిగింది. పెప్టైడ్‌ని ముక్కలుగా విరగ్గొట్టి మళ్ళీ యంత్రంలో పెట్టింది. అలా చూస్తే ఏది ముందో ఏది వెనకో బయటపడుతుంది. బయటపడింది. తల ఉండాల్సిన చోట తోక ఉంది. మొదటి నుంచి చివరిదాకా గొలుసు మొత్తం తిరగబడి ఉంది. కాగితాన్ని ఎలా చదువుతామో అలా ఎడమ నుంచి సీసాలు పెట్టుకుంటూ పోయారు ఎవరో. దండని ఎటునుంచి గుచ్చినా పూసల బరువు అంతే, అందుకే బరువు పట్టివ్వలేదు. ఆ గదిలో ఒక్కతే నిలబడి ఆమె పైకే నవ్వింది. ఎర్ర సుద్ద గుర్తొచ్చింది, తోక చుట్టూ గీత గుర్తొచ్చింది, మళ్ళీ నవ్వొచ్చింది. తర్వాత ఆ పిల్ల ఏడాది గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

వెళ్ళి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

అది ఆయన మొదటి మాట. ఆ రోజంతటికీ అదే చివరి మాట కూడా.

మర్నాడు భోజనాల దగ్గర మిగతాది చెప్పాడు. వచ్చే సోమవారం శాఖాధిపతి గదిలో కూర్చుంటారట. గాయాలావిడ పైదాకా రాసిందట. గొలుసు తిరగబడిందని తనే ముందుగా ఒప్పుకుంటాడట, ఎలాగూ దాగేది కాదు. అప్పుడు అది ఎవరు చేశారని అడుగుతారు.

"నువ్వే చేశావని చెప్పు" అన్నాడు.

కూర వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే ఆగింది.

"నేను ఆస్పత్రిలో ఉన్నాను కదండీ."

"నువ్వెక్కడ ఉన్నావో ఎవరు చూశారు? అమ్మ దగ్గర ఉండి ఉండి అలిసిపోయావు. మధ్యలో వచ్చి చేశావు. పొరపాటు దొర్లింది. అర్థం చేసుకుంటారు. జాలి కూడా పడతారు."

"మీరే చేశారని మీరు చెబితే?"

ఆయన ఆమె వంక చూశాడు. చంటిపిల్ల ఏదో అడగరానిది అడిగినప్పుడు చూసే చూపు. "ఈ పని నా దగ్గర నేర్చుకున్న వాళ్ళు ఈ ప్రాంగణంలో ప్రతి భవనంలో ఉన్నారు. రేపు పాఠానికి వెళ్ళి తోక బొమ్మ ఎలా గియ్యను? నీకేముంది పోవడానికి? నీ పేరు ఎక్కడా లేదు."

అత్తగారు అంతదాకా తలవంచుకుని తింటోంది. ఇప్పుడు ఎత్తింది.

"అదేంట్రా, ఆస్పత్రికి ఆ కంపు కొట్టుకుంటూ వచ్చింది నువ్వే కదా?"

కంచంలో ఆయన వేళ్ళు ఆగాయి.

"నువ్వూరుకో అమ్మా."

"ఊరుకుంటాలే. నాకెందుకు" అంది అత్తగారు. నీళ్ళు తాగి, కోడలి వైపు తిరిగింది. "ఒప్పేసుకో తల్లీ. మగాడి పరువు కిందపడితే మళ్ళీ లేవదు. నీకేముంది, నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే జనం మర్చిపోతారు."

ఇంటిపట్టున అన్న మాట ఆయన అందుకున్నాడు. నిజానికి తనూ అదే అనుకుంటున్నాడట. ఈసారికి కార్డు రాయించడట. పొరపాటు చేసిన మనిషిని వెంటనే గదిలో కనపడనిస్తే బాగోదు. అమ్మకీ మనిషి అవసరం. యంత్రం దగ్గరికి జీతం ఇచ్చి ఎవర్నయినా తీసుకుంటాడట. ఒప్పుకోకపోతే మాత్రం గదికి తాళమే, అప్పుడు ఎవరికీ లేకుండా పోతుంది, నీ ఇష్టం అన్నాడు. అన్నీ ఆలోచించాడు. ఆమె తరఫున కూడా ఆయనే ఆలోచించాడు. జీతం ఇచ్చి అన్న మాట అంత తేలిగ్గా ఆయన నోట్లోంచి వస్తుందని ఆమెకి ఇన్నేళ్ళుగా తెలియదు.

"పెరుగు" అన్నాడు ఆయన, కంచం ముందుకి జరిపి.

ఆమె వేసింది.

ఆ వారం ఆమె కాలు ఒకచోట నిలవలేదు. తుడిచిన గట్టే మళ్ళీ తుడిచింది. బీరువా సర్ది, ఎందుకు సర్దిందో తెలియక మళ్ళీ కెలికింది. కారులో కూర్చుంటే దిగాలనిపించింది, దిగితే ఎక్కడికి పోవాలో తెలియలేదు. గదిలోకి వెళ్ళి మొదటి పనిగా యంత్రం మీట కట్టేసింది. గాయాలావిడ గొలుసుని చేత్తో కట్టడం మొదలుపెట్టింది. గాజు గొట్టంలో పూసలు వేసి, తోక చివరిది అతికించి, అటూ ఇటూ ఊపుతూ నిలబడింది. చేతికి పని ఉంటే మనసు నెమ్మదిస్తుందంటారు. నెమ్మదించలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, మనసు దాని పని అది చేసింది. పూసలు నాలుగు తీసి వేడిచేస్తే నీలం తేలింది. మళ్ళీ అతికించింది. మళ్ళీ నీలం, కాస్త లేతగా. అలాంటప్పుడు కొందరు విసిగిపోయి, అతకని చివరలకి మూత వేసే మందు పోస్తారు. మూత పడినవి ఇక పెరగవు. గొలుసుల మధ్యే ఉంటాయి, ఎవరికీ అడ్డం రావు, చివర్లో వడకట్టి పారబోస్తారు. ఆమె పోలికలు వెతుక్కునే మనిషి కాదు. మందు సీసా వంక కాసేపు చూసి, అల్మరాలో వెనక్కి నెట్టి, మూడోసారి అతికించింది. ఈసారి నీలం రాలేదు.

ఒప్పుకుంటే ఏమవుతుందని ఆలోచించింది. ఆలోచించిన కొద్దీ ఒక సిగ్గుమాలిన ఆశ లోపల తలెత్తింది. నేనే చేశాను. ఆ రెండు మాటలూ నోట్లో తిప్పుకుంటే రుచిగానే ఉన్నాయి. నలుగురు పెద్దమనుషులు కూర్చుని, ఇది ఎవరు చేశారని అడుగుతారు. ఆ గదిలోంచి ఎన్నో సీసాలు వెళ్ళాయి. ఊపిరితిత్తుల వాళ్ళకి వెళ్ళింది, కంటి చుక్కల వాళ్ళకి వెళ్ళింది, ఒకదాని పక్కన ఒకటి అతకనని మొండికేసి నెలంతా ఏడిపించిన గొలుసు ఒకటి వెళ్ళింది. అది పూర్తయిన రోజున ఆమె గదిలో ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది. ఎవరు చేశారని ఒక్కరు అడగలేదు. సరిగ్గా ఉన్నదాన్ని ఎవరు చేశారని ఎవరూ అడగరు. ఇప్పుడు అడుగుతున్నారు. ఆమె పేరు మొట్టమొదటిసారి కాగితం మీదికి ఎక్కబోతోంది. తప్పు చేసిన మనిషి పేరుగా ఎక్కబోతోంది. ఆ కాగితం బీరువాలో ఉంటుంది. మిగతా కాగితాలన్నీ కూడా అదే బీరువాలో ఉంటాయి, వాటిమీద ఆయన పేరు ఉంటుంది. ఎప్పుడైనా ఎవరైనా తీసి చూస్తే, మంచివన్నీ ఆయన చేసినట్టు, చెడింది ఒక్కటే ఆమె చేసినట్టు కనపడుతుంది. అబద్ధం ఒక్కటి చెబితే సరిపోతుందని ఆయన అనుకుంటున్నాడు. ఆ ఒక్క అబద్ధంతో ఆమె బతుకంతా బొంకు అయిపోతుంది. ఈ ఆలోచన వచ్చాక గొట్టాన్ని గట్టుమీద పెట్టి, గోడకి ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. ఒప్పుకున్నా ఈ గది పోతుంది. ఒప్పుకోకపోయినా పోతుంది. పోయేది ఎలాగూ పోయేదే అయినప్పుడు భయం ఎక్కడ నిలబడాలో తెలియక దానంతటదే పలచబడింది.

ఆయన మధ్యలో ఒకసారి గుమ్మం దగ్గరికి వచ్చాడు. చేత్తో చేస్తున్నావేం అన్నాడు. యంత్రం బాగాలేదా అన్నాడు. "బాగానే ఉంది" అంది ఆమె. ఆయనకి ఇంకేదో అడగాలని ఉంది. వాసన భరించలేక వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే దూది తేలింది. తెల్లగా, కుప్పె అంచుల దాకా లేచింది. విరగ్గొట్టి వరస చూసుకుంది. తల తల చోట, తోక తోక చోట ఉన్నాయి. సీసాలోకి సర్ది, పక్క భవనం మెట్లెక్కి గాయాలావిడ చేతిలో పెట్టింది. ఆవిడ ముఖం ముడుచుకునే అందుకుంది.

"ప్రొఫెసర్ గారు పంపారా?"

"లేదు. నేనే తెచ్చాను. వరస చూసే తెచ్చాను."

ఆవిడ సీసాని వెలుగుకెత్తి చూసింది. తర్వాత ఆమెని చూసింది. ఎన్నోసార్లు వరండాలో ఎదురుపడ్డారు. ప్రొఫెసర్ గారి భార్య అన్నంతవరకే ఆవిడ చూపు వచ్చి వెనక్కి పోయేది. ఈసారి కాస్త ఆగింది.

ఆమె తిరిగి గదికి పోయి చేతులు కడుక్కునే తొట్టి దాకా నడిచింది. కుళాయి మీద చెయ్యి పెట్టింది. విప్పలేదు. పిపెరిడీన్ అంటిన జుట్టుతో, పిపెరిడీన్ అంటిన చేతులతో, అలాగే శాఖాధిపతి గది వైపు నడిచింది. వరండాలో ఆయన కలిశాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. దగ్గరికి రాగానే ముక్కు మీదికి చెయ్యి పోయింది. సరిగ్గా తల్లి చెయ్యే.

"కనీసం కడుక్కుని రావాల్సింది" అన్నాడు మెల్లిగా. "గుర్తుంది కదా?"

"నువ్వే చెబితే బాగుంటుంది" అంది ఆమె. "ఇంకా టైముంది."

చాలా ఏళ్ళ తర్వాత విన్న ఆ పిలుపుకి ఆయన తడబడ్డాడు. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ఆ తర్వాత తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. అదే ఆయన జవాబు.

లోపల శాఖాధిపతి పెద్దాయన, ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు, గాయాలావిడ ఉన్నారు. ఆమె అడుగు పెట్టగానే పెద్దాయన చిరునవ్వు నవ్వి, "ఏమ్మా, సార్ కళ్ళజోడు మర్చిపోయారా?" అన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక ప్రొఫెసర్ గాలి పీల్చి, ఏదో వాసన వస్తోందన్నాడు. ఆమె భర్త లేచి కిటికీ తెరిచాడు. తర్వాత నిలబడే మాట్లాడాడు. గొలుసు తిరగబడిన సంగతి చెప్పాడు. బాధ్యత ప్రయోగశాలదే అన్నాడు. యంత్రాలు ఎంత మంచివైనా మనుషులు మనుషులే అన్నాడు. ఇంట్లో అనారోగ్యం, ఆస్పత్రి, అలసట అన్నాడు. ఎవరినీ తప్పుపట్టకుండా ఎవరిది తప్పో అందరికీ అర్థమయ్యేలా మాట్లాడటం ఆయనకి వచ్చు. పెద్దాయన జాలిగా ఆమె వైపు తల తిప్పాడు. ఆయన చెప్పినట్టే జరిగింది. జాలి పడ్డారు.

గాయాలావిడ జాలి పడలేదు. కుర్చీని ఆమె వైపు తిప్పుకుంది. ఆయన్ని కాదు, పెద్దాయన్ని కాదు, తిన్నగా ఆమెనే అడిగింది.

"ఇది ఎవరు చేశారు?"

కిటికీ తెరిచినా వాసన పోలేదు. ఆయన ఆమెనే చూస్తున్నాడు. కళ్ళతోనే చిన్నగా తలూపమంటున్నాడు. ఇంట్లో చుట్టాల ముందు చెంచా కావాల్సి వచ్చినప్పుడు కూడా అలాగే చూస్తాడు. ఆమె చేతులు ఒళ్ళోంచి తీసి బల్లమీద పెట్టింది.

"ఈ ఒక్కటీ నేను చెయ్యలేదు" అంది. "మిగతావన్నీ నేనే చేశాను."